ఆగి ఉండాల్సిన మిల్లు

చింతామణిలో మార్కెట్ వెనక వీధికి ఇప్పటికీ నూనె మిల్లుల వీధి అనే పేరు. పేరుకేం, ఖర్చు లేకుండా నిలుస్తుంది. ఉన్న మిల్లుల్లో ఒకటి కల్యాణమంటపమైంది, ఒకటి టైల్సు గోడౌనైంది, ఇంకొకటి అన్నదమ్ముల తగాదాలో కోర్టు సీలు కింద ఉంది. గోవిందరాజు శెట్టి మిల్లు ఒక్కటే మిల్లుగా మిగిలింది. మిగిలింది అంటే పొద్దున తలుపులు తీస్తారు, నేల ఊడుస్తారు, లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి తిప్పుతారు, సాయంత్రం తలుపులు వేస్తారు. మధ్యలో వేరుశెనగ ఆడించే పని వారంలో ఒకనాడు తగిలితే తగిలినట్టు.

ఆ మిల్లుకు మేస్త్రి ఈరప్ప. ఊరు కెంచార్లహళ్ళి. పని ఉన్నా లేకున్నా పొద్దుటి బస్సుకు భార్య కెంపమ్మతో కలిసి వస్తాడు. కెంపమ్మ అదే మిల్లులో పప్పు ఏరే మనిషి. పప్పులో రాళ్ళూ పుచ్చులూ ఏరే ఆడవాళ్ళు ఒకప్పుడు వసారా నిండా కూర్చునేవారు. వాళ్ళ నవ్వులు వీధి చివరికి వినిపించేవి. ఇప్పుడు కెంపమ్మ, ఆమెకు తోడు చెవులు సరిగా వినపడని ఒక ముసలామె. మూటలు మోయడానికి ఇద్దరు మగవాళ్ళున్నారు గానీ వాళ్ళు పిలిస్తేనే వస్తారు. పిలిచేవాళ్ళు తక్కువై, ఎక్కువగా టమోటా మండీలోనే కనిపిస్తారు.

ఈరప్ప కూడా మొదట మూటలు మోయడానికే వచ్చాడు. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు, చేలో వేసిన విత్తనం కూడా తిరిగిరాని ఏడు, వాళ్ళ నాయన తీసుకొచ్చి శెట్టిగారి తండ్రి ముందు నిలబెట్టాడు. అప్పటి మేస్త్రి మునికృష్ణప్ప కోపిష్ఠి మనిషి. ఎవరికీ ఏదీ నేర్పేవాడు కాదు, ఎదుట తిడుతూ పని చేసేవాడు. ఆ తిట్లు విని నేర్చుకున్నవాడు ఈరప్ప ఒక్కడే. మునికృష్ణప్ప పోయాక మిషన్ అతని చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఊళ్ళో అతన్ని ఈరప్ప అనేవాళ్ళకంటే మేస్త్రి అనేవాళ్ళే ఎక్కువ. బస్సు కండక్టర్ కూడా మేస్త్రి అనే అంటాడు. మనిషికి ఇంటిపేరు కంటే గట్టిగా అతుక్కునేది ఇలాంటి పేరే. పని పోతే అది ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు.

మిషన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. వేరుశెనగ పప్పును ఆవిరితో వేడిచేసి పైనుంచి వదిలితే ఇనుప మర పప్పును నలుపుతూ ముందుకు తోస్తుంది. పక్క సందుల్లోంచి నూనె కారుతుంది, చివర నుంచి పిప్పి రేకులు రేకులుగా పడుతుంది. ఆ పిప్పిని చెక్క అంటారు. చల్లారిన చెక్క పశువులకు. అప్పుడే పడిన వేడి చెక్కలో బెల్లం నలిపి తింటే మాత్రం ఆ రుచికి సాటి లేదు. ఆ మిల్లులో శెట్టిగారి తాతకాలం నుంచి ఒక ఆచారం ఉంది: మొదటిసారి గడప తొక్కిన మనిషి వట్టి నోటితో పోకూడదు. శెట్టిగారింటి కొత్త కోడలైనా, కరెంటు లైన్‌మాన్ అయినా, మొదటి బండి కాయలు తోలుకొచ్చిన రైతైనా మోదుగాకులో వేడి చెక్కా బెల్లమూ పెట్టి పంపాలి. చల్ల చెక్క పెడితే మనిషిని పశువును చేసినట్టు. కెంపమ్మ ఏరడానికి వచ్చిన మొదటిరోజు ఆమెకు ఆ ఆకు అందించింది ఈరప్పే. పెండ్లికి ముందు అతను ఆమెకు ఇచ్చిన కానుక అదొక్కటే. ఇప్పటికీ కెంపమ్మ దాన్ని దెప్పడానికి వాడుకుంటుంది, అదీ శెట్టిగారి సొత్తే కదా అని.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఓడల్లో పామాయిల్ వచ్చింది. ప్యాకెట్టు వచ్చింది, దానిమీద గుండె బొమ్మ వచ్చింది. రైతులు వేరుశెనగ మానేసి టమోటా పెట్టారు, బోర్లు వేశారు, బోర్లు ఎండాయి. ఇలాంటి వీధుల మీద ఉపదేశం చేసేవాళ్ళకు మాత్రం ఎప్పుడూ కరువు రాలేదు. బెంగళూరు నుంచి వచ్చిన శెట్టిగారి బంధువొకాయన, కొయ్య గానుగ పెట్టి గాజుసీసాల్లో అమ్మమని, రాజధానిలో జనం ఎగబడి కొంటారని చెప్పి, భోజనం చేసి వెళ్ళిపోయాడు. గానుగకు ఎద్దునెవరిస్తారో, సీసానెవరు కొంటారో, అంతవరకు కూలి ఎవరిస్తారో చెప్పలేదు. కాలంతో పాటు మారాలి అనే మాట చెప్పడానికి సులువు. చెప్పేవాడు ఎలాగూ మారక్కర్లేదు.

గోవిందరాజు చెడ్డ మనిషి కాదు. మిల్లు స్థలాన్ని అడుగుతున్నవాళ్ళు వీధి చివర కారు ఆపి ఫోన్లు చేస్తున్నా ఇన్నాళ్ళు లాగాడు. ఉగాది తర్వాత మాత్రం ఈరప్పను పిలిచి తేల్చి చెప్పాడు. కూలీల జీతాల్లో సగం ఎవరైనా భరిస్తే ఇంకొక ఏడాది నడుపుతాడు, ఈలోగా కొత్త ఫిల్టరు పెట్టి చుట్టుపక్కల హోటళ్ళను పట్టుకుంటాడు. లేదంటే దసరాకు పూజ చేసి తలుపులు వేసేస్తాడు. మిగతాదంతా ఆ ‘ఎవరైనా’ మీద ఆధారపడింది.

ఆ ఎవరైనాను కనిపెట్టింది ఈరప్ప కూతురు నేత్ర. ఆమె బీకాం చదివింది. చదివాక చేస్తున్న ఉద్యోగం ఇంటర్వ్యూల కోసం బెంగళూరు పోయి రావడం. ప్రభుత్వం ఒక ఉద్యోగ రక్షణ పథకం తెచ్చిందని, చిన్న మిల్లుల్లో పోబోతున్న ఉద్యోగాలకు ఏడాదిపాటు సగం జీతం ఇస్తుందని ఫోన్లో చదివింది. షరతు ఒక్కటే: ఉద్యోగం నిజంగా ప్రమాదంలో ఉండాలి. అంటే పని సగానికి సగం పడిపోయి ఉండాలి, ఆ సంగతి అధికారి వచ్చి కళ్ళారా చూడాలి. పూర్తిగా మూతపడిన మిల్లుకు రాదు, బాగా నడిచే మిల్లుకూ రాదు. చావకూడదు, బతికినట్టు కనపడకూడదు. ఈ రెండింటి మధ్య సందులో సరిగ్గా నిలబడినవాడికి సహాయం.

శెట్టిగారు సంతకం పెట్టారు, తిరిగే పని తండ్రీకూతుళ్ళది. చింతామణి నుంచి చిక్కబళ్ళాపురానికి బస్సు, అక్కడ ఒక ఆఫీసు, ఆ ఆఫీసులోంచి ఇంకొక ఆఫీసు, అక్కడ నాళె బన్ని. రేపు రమ్మనే మాటను కన్నడంలో అంత మర్యాదగా చెప్పగలగడం కూడా ఒక చదువే. మొదట అవగాహన సభ అన్నారు. హాల్లో ఒక వక్త మైకు పట్టుకుని, మీ భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉందని పదేపదే చెప్పాడు. చేతులు ఖాళీ అయిపోతున్నాయని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పదగిన మాటే. అందరికీ ప్లాస్టిక్ ఫైలొకటి, బాదంపాలు ఇచ్చారు. ఈరప్ప బాదంపాలు తాగలేదు. కెంపమ్మకని సంచిలో పెట్టుకుంటే శిడ్లఘట్ట దాటేలోపల కారిపోయి ఫైలును తడిపింది.

అర్జీ తీసుకునే బల్ల దగ్గర వీణ అనే గుమాస్తా కూర్చుంది. ఓపికైన మనిషి. అన్ని గళ్ళూ నింపుకుంటూ వచ్చి, తలెత్తి అడిగింది.

“యంత్రం పరిస్థితి ఎట్ల ఉండాదప్పా?”

“బంగారమట్ల ఉండాదమ్మా,” అన్నాడు ఈరప్ప. “మా మునికృష్ణప్ప మేస్త్రి ఉన్నప్పటి కంటే బాగుండాది.”

బల్ల కింద నేత్ర తండ్రి కాలు తొక్కింది. వీణ పెన్ను ఆపింది.

“బంగారమట్ల ఉంటే మీకు పథకం యాల?”

“మిషన్ బాగుండాది మేడమ్, పనే లేదు. రెండూ వేరే కదా,” అంది నేత్ర.

“వేరేనే తల్లీ. అయితే ఈడ రెండిటికీ ఒకే గడి ఉండాది.”

చివరికి ఆ గడిలో వీణ ఏదో సర్ది రాసింది. మెట్లు దిగుతూ నేత్ర తండ్రిని గట్టిగానే మందలించింది. ఇంక ఆఫీసుల్లో నోరు తెరవొద్దంది. తన మిషన్ బాగాలేదని పరాయి మనిషితో చెప్పడం ఈరప్పకు ఎంత కష్టమో ఆమెకు తెలియక కాదు. ఇంట్లో ఇద్దరు చేసే పని ఒకే తలుపు వెనక ఉన్నప్పుడు, ఆ తలుపు మూసుకుంటే ఏమవుతుందో ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఈ వయసులో నాయనను ఎవరు తీసుకుంటారు? దొడ్డబళ్ళాపురం గార్మెంట్సులో చేర్చుకుంటారా? తననే చేర్చుకోలేదు.

వానాకాలం మధ్యలో కబురు వచ్చింది. సునీల్‌కుమార్ అనే అధికారి ఫలానా రోజు తనిఖీకి వస్తాడు. ముందురోజు సాయంత్రం గోవిందరాజు అందరినీ వసారాలో కూర్చోబెట్టి చెప్పాడు. అతనికి మరునాడు బాగేపల్లిలో చెల్లెలి కూతురి నిశ్చితార్థం. మేనమామ లేకుండా తాంబూలాలు మార్చుకోరు గనక పోక తప్పదు, మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు.

“రేపు దాన్ని ముట్టద్దు ఈరప్పా,” అన్నాడు. “బూజుంటే బూజుండనీ. సారొస్తే కూర్చోబెట్టు, ఉన్నది ఉన్నట్ల చూపించు. అంతే.”

ఈరప్ప సరేనన్నాడు. రాత్రి ఇంట్లో నేత్ర అదే మాట మళ్ళీ చెప్పింది. ఆమెకు మరునాడు బెంగళూరులో మరో ఇంటర్వ్యూ. తాను దగ్గర ఉండలేకపోవడం ఆమెకు భయంగానే ఉంది. ముట్టనని తండ్రి మాట ఇచ్చాడు. ఆ మాట అబద్ధంగా చెప్పింది కాదు.

ఆ రోజు పొద్దున అంతా అనుకున్నట్టే ఉంది. మిషన్ చల్లగా, నల్లగా, మూలన పడుకున్న బర్రెలాగా ఉంది. మూటలవాళ్ళు కూడా వచ్చి గోడకానుకుని కూర్చున్నారు. పని లేకపోవడాన్ని పని లాగా చేయడం వాళ్ళకు కొత్త. ఒకడు బీడీ ముట్టించి, ఈపొద్దు ఊరికే కూర్చున్నందుకు కూలీ ఉండాదా మేస్త్రీ అని నవ్వాడు. సర్కారు ఇస్తుందంటలే అన్నాడు రెండోవాడు. ఈరప్ప నవ్వలేదు. కూర్చున్నవాడు లేచి మిషన్ పక్కన బూజు దులిపాడు. బూజు దులపడం ముట్టడం కింద రాదు. తర్వాత పీపాలు తుడిచాడు. తర్వాత మర మీద ఎప్పటిదో ఎండిపోయిన కుంకుమ చూసి, కడిగి కొత్త బొట్టు పెట్టాడు. బొట్టు లేకుండా పరాయి మనిషికి చూపించడమేమిటి?

పొద్దున్నే రావాల్సిన అధికారి రాలేదు. వచ్చి ఉంటే ఈ కథే లేదు. పొద్దు బాగా ఎక్కాక ఫోన్ చేశాడు. జీపు చెడిపోయిందని, శిడ్లఘట్టలో ఉన్నానని, ఇంకొక గంటలో వస్తానని మర్యాదగా చెప్పాడు. ఆ గంటే కొంప ముంచింది. ఎందుకంటే చల్లారిన మిషన్ వేడెక్కి మంచి చెక్క పడటానికి పట్టే సమయం సరిగ్గా అంతే.

ఈరప్ప పప్పు బస్తా వైపు చూస్తుంటే కెంపమ్మ చూసింది.

“ఆ సారుకు ఏమిస్తాము?” అని అడిగింది.

“టీ తెప్పిస్తాము.”

“టీ బస్టాండులోనూ ఇస్తారు.”

అంతే అంది. చెక్క పెట్టమని గానీ, ఆడించమని గానీ ఆమె చెప్పలేదని తర్వాత నేత్రతో చాలాసార్లు వాదించింది. నిజమే, చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేని ఇల్లు అది.

ఈరప్ప తనలో తాను లెక్క వేసుకున్నాడు. మిషన్ తిప్పుతాడు, చెక్క పడుతుంది, వెంటనే ఆపేస్తాడు. సారు వచ్చేసరికి మిషన్ ఆగి ఉంటుంది, చెక్క వేడిగా ఉంటుంది. మర్యాద మర్యాదే, పథకం పథకమే. చెడిన పనులన్నిటిలాగే ఇదీ చాలా తెలివైన ఆలోచన. గుప్పెడు పప్పుకు మిషన్ ఆడదు. మొదట పడే చెక్క పచ్చిగా, మడ్డిగా ఉంటుంది. నోట పెట్టదగిన చెక్క కావాలంటే బస్తా పోయాలి. బస్తా పోశాడు. మూటలవాళ్ళు బీడీలు పారేసి లేచారు. కెంపమ్మ బెల్లం తీసుకొచ్చింది. బెల్టు టపటపమంది, మర తిరిగింది, నూనె సందుల్లోంచి ధారగా దిగింది.

వాసన వీధిలోకి పోయింది.

అది ఎవరూ లెక్క వేయలేదు. వేడి వేరుశెనగ నూనె వాసన ఆ వీధి ఎన్నాళ్ళకో పీల్చింది. టైల్సు గోడౌన్ గుమాస్తా మొదట వచ్చాడు, ఏమప్పా మేస్త్రీ, మళ్ళీ మొదలుపెట్టినారా అంటూ. కల్యాణమంటపం వంటవాళ్ళు డబ్బా తీసుకుని వచ్చారు. పక్క సందులోని ఆడవాళ్ళు స్టీలు క్యాన్లతో, ఒకామె ఏకంగా పప్పు డబ్బా ఖాళీ చేసుకుని వచ్చింది. అడిగి వచ్చినవాళ్ళను, అందులోనూ ఎన్నో రోజుల తర్వాత బోణీకి వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం శెట్టిగారి గడపకు పనికిరాదు. ఈరప్ప ఇంకొక బస్తా పోశాడు. సారు సంగతి మరిచిపోయాడా అంటే మరవలేదు. అయితే ఆ వరస, ఆ క్యాన్ల చప్పుడు, మేస్త్రీ మేస్త్రీ అనే పిలుపులు చూసి మిషన్ ఆపగలిగేవాడైతే అతను మేస్త్రి అయ్యేవాడు కాదు.

సునీల్‌కుమార్ వచ్చేసరికి మిల్లు ముందు జనం వరస. లోపల మనుషులంతా చెమటలు కక్కుతూ పనిలో ఉన్నారు. అంతకంటే బాగా నడుస్తున్న మిల్లు ఆ జిల్లాలో అతను చూసి ఉండడు.

చిన్నవయసువాడు, నెమ్మదస్తుడు. కెంపమ్మ మోదుగాకు చేతికిస్తే నిలబడే తిన్నాడు. తిని, తన అమ్మమ్మ ఊరు తొండేభావి అని, చిన్నప్పుడు ఆమె ఇట్లాగే పెట్టేదని చెప్పాడు. ఇంకొంచెం అడిగి పెట్టించుకున్నాడు. ఈరప్ప ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత అధికారి చేతులు కడుక్కుని ఫోన్ తీశాడు. యంత్రానికి ఒక ఫొటో, పనివాళ్ళకు ఒక ఫొటో. యంత్రం ఆడుతోందా అని ఫోన్ అడిగింది. అతను మిషన్ వైపు చూశాడు, ఈరప్ప వైపు చూశాడు.

“ఏమప్పా, ఇది ఆడతాండాది కదా.”

అప్పటికి గానీ ఈరప్పకు తాను చేసిందేమిటో తెలియలేదు. బెల్టు ఆపాడు.

“రోజూ ఆడదు సార్. ఈపొద్దు మీకోసరం ఆడించినా.”

సునీల్‌కుమార్ నవ్వలేదు.

“నేను పోయిన ప్రతి మిల్లులోనూ నాకోసం ఆపి పెడతారప్పా. వాళ్ళు దొంగలని నాకు తెలుసు. నువ్వు నాకోసం ఆడించినావంటే యాడ రాసేది? దీంట్లో అవును, లేదు రెండే ఉండాయి.”

“లేదని రాయండి సార్.”

“ఫొటో ఆఫీసుకు పోయింది. ఆడతాండేటప్పుడు తీసిన ఫొటో. నేను లేదని రాస్తే రేపు నన్ను అడుగుతారు.”

ఈరప్ప వరసలో ఉన్నవాళ్ళను సాక్ష్యం పిలిచాడు. చెప్పండప్పా, ఈ మిల్లు ఎన్నాళ్ళకు ఆడింది అని. వాళ్ళూ మంచివాళ్ళే, మేస్త్రి పరువు నిలబెట్టాలనుకున్నారు. ఈ మిల్లు నూనె వంటి నూనె ఇంకెక్కడా లేదని, ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందని చెప్పారు. చెవులు వినపడని ముసలామె, సారుకు ఇంకొంచెం బెల్లం పెట్టండని కేకేసింది.

గోవిందరాజు బాగేపల్లి నుంచి పట్టు పంచెతోనే వచ్చాడు. అప్పటికి జీపు వెళ్ళిపోయింది. వీధి మొదట్లోనే వాసన తగిలి ఉండాలి, కారు దిగినవాడు గబగబా రాలేదు, మెల్లగా నడిచి వచ్చాడు. నిండిన పీపాలు చూశాడు, కడిగి బొట్టు పెట్టిన మరను చూశాడు. గంపలోంచి చెక్క రేకు తీసి నోట్లో వేసుకున్నాడు. అది చల్లారి ఉంది.

“నిన్నేమనాలప్పా,” అన్నాడు చివరికి. “మా నాయన ఉన్నా ఇదే చేసుండేవాడు.”

తిట్టి ఉంటే ఈరప్పకు సులువుగా ఉండేది. తిట్టే పని నేత్ర చేసింది. ఇంటర్వ్యూలో వాళ్ళు తర్వాత చెబుతామన్నారట, ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. ఆ విసుగుతోనే ఇంటికి వచ్చి జరిగింది విన్నది.

“చచ్చిపోతాండామని చూపించమంటే పెండ్లి చేసి చూపించినావు నాయనా,” అంది. “ఊరందరినీ పిలిచి.”

కెంపమ్మ, మనిషికి పిడికెడు చెక్క పెట్టడం తప్పయిపోయిందా అని మొదలుపెట్టింది. ఆ రాత్రి ముగ్గురూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఎవరి మీద అరవాలో వాళ్ళెవరూ అక్కడ లేరు గనక.

జవాబు త్వరగానే వచ్చింది. ఇలాంటి జవాబులే త్వరగా వస్తాయి. సదరు మిల్లు చక్కగా నడుస్తున్నందువల్ల ఉద్యోగాలకు ప్రమాదం లేదని, పథకం వర్తించదని. నేత్ర మళ్ళీ చిక్కబళ్ళాపురం పోయింది. వీణ ఆమెను గుర్తుపట్టి కూర్చోమంది, నిజంగానే బాధపడింది. మళ్ళీ తనిఖీ కావాలంటే కొత్త అర్జీ, దానికి వచ్చే ఏడాది దాకా ఆగాలి. ఈలోగా మిల్లు మూతపడితేనో అని నేత్ర అడిగింది. మూతపడితే అది ఈ ఇలాఖె, అంటే తమ శాఖ, పని కాదంది వీణ. ఉద్యోగం పోయినవాళ్ళకు వేరే పథకం ఉంది, అందులో శిక్షణ ఇస్తారు, సెల్‌ఫోన్ రిపేరీ, వయసు నలభై ఐదు దాటకూడదు. ఇందులో దొంగ ఎవరని వెతికితే దొరకడు. ఫొటో తీసినవాడు నిజమే తీశాడు, జవాబు రాసినవాడు ఫొటోలో ఉన్నదే రాశాడు. అందరూ నిజాయితీగా ఉండి కూడా ఒక మనిషిని ఇంత చక్కగా ముంచవచ్చునని దీనివల్ల తెలిసింది.

ఇంకొక సంగతి. ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్ళు మరుసటి వారం రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. వాళ్ళ తప్పు కాదు, వాసన లేదు. ప్యాకెట్టు ఇంటి పక్క కొట్లో ఉంది.

దసరాకు మిషన్‌కు పూజ జరిగింది. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. పూజ అయిన కొన్నాళ్ళకు హిందూపురం నుంచి నందీశ్ అనే ఆయన మిషన్ చూడటానికి వచ్చాడు. అక్కడ అతనికి మిల్లు ఉంది, ఇంకొకటి వేస్తున్నాడు. ఆడే మిషన్ అయితే మిషన్ లెక్కన కొంటాడు, ఆడనిదైతే పాత ఇనుము లెక్కన. గోవిందరాజు ఈరప్ప వైపు చూడలేక గోడ వైపు చూస్తూ అన్నాడు.

“ఒకసారి ఆడించి చూపించు ఈరప్పా.”

ఈరప్ప కదల్లేదు. ఆ ఒక్కసారి అతని నోట ఎదురుమాట వచ్చింది.

“ఆడించొద్దంటే ఆడించినా. ఇప్పుడు ఆడించమంటారా శెట్రే?”

మిల్లులో పప్పు లేదు. కొనడానికి ఎవరికీ మనసు లేదు. ఆడించకపోతే ఏమవుతుందో ఈరప్పకు తెలుసు. గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి లారీకి ఎత్తుతారు, మునికృష్ణప్ప తిట్లతో సహా. మరునాడు కెంచార్లహళ్ళి నుంచి కెంపమ్మ ఒక మూట తెచ్చింది. వచ్చే ఏటి విత్తనానికని అట్టిపెట్టిన శెనక్కాయలు, రాత్రి కూర్చుని తల్లీకూతుళ్ళు వలిచినవి. వలుస్తున్నంతసేపూ నేత్ర తండ్రిని ఒక్క మాటా అనలేదట. అనడానికి ఏం మిగిలింది?

మిషన్ ఆడింది. నూనె దిగింది. నందీశ్ చేయి పెట్టి చూసి, వేలితో రాసుకుని వాసన చూసి తల ఊపాడు. మోదుగాకులో చెక్కా బెల్లమూ పెడితే నమస్కారం చేసి తీసుకున్నాడు. బేరం అక్కడికక్కడే కుదిరింది. పోతూ పోతూ, ఇంత బాగా పెట్టుకున్నారు మిషన్‌ను, ఎవరు చూసుకుంటారని అడిగాడు. గోవిందరాజు ఈరప్పను చూపించి, మా మేస్త్రిని గూడా పిలుచుకుపోండి అన్నాడు, సగం నవ్వులాటగా, సగం అడుక్కుంటున్నట్టుగా.

“మా కాడ మేస్త్రి ఉండాడు శెట్రే,” అన్నాడు నందీశ్. చెక్క నములుతూనే అన్నాడు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు.

విప్పడం ఈరప్పే చేశాడు. ఏ బోల్టు ఎటు తిప్పితే వస్తుందో తెలిసినవాడు ఇంకెవరూ లేరు. లారీ వెళ్ళిపోయాక నేల మీద నాలుగు గుంతలు, గుంతల చుట్టూ నూనె తాగి నల్లబడిన సిమెంటు మిగిలాయి. కెంపమ్మ ఊడుస్తోంది. ఊడ్వడానికి కారణం లేదు, అలవాటు. గోవిందరాజు తాళాలు చేత్తో పట్టుకుని గడప బయట నిలబడ్డాడు.

అప్పుడు ఈరప్ప ఫోన్ మోగింది. సునీల్‌కుమార్. గొంతులో ఉత్సాహం. చిక్కబళ్ళాపురంలో స్వయం ఉపాధి మేళా పెడుతున్నారట, బాగా నడుస్తున్న మిల్లులకు స్టాళ్ళు ఇస్తున్నారట, పెద్ద సారుకు తాను ఆ వేడి చెక్క సంగతి చెప్పాడట, తప్పకుండా తీసుకురావాలట. అన్నీ చెప్పి, చివర మాటవరసకు అడిగాడు, మిల్లు బాగా ఆడతాండాదా అప్పా అని.

ఈరప్ప గుంతల వైపు చూశాడు.

“ఆడతాండాది సార్,” అన్నాడు. “హిందూపురంలో.”